లాగ్‌లు పోయాయా, వేళ తప్పాయా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం స్ప్లంక్ నిర్వహణకు సంబంధించినవే కావడంతో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము. సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలు, అప్లికేషన్లు తాము చేసిన పనిని వరుసగా నమోదు చేస్తూ రాసే లాగ్‌లను ఒకచోట చేర్చి, వెతుక్కోవడానికి వీలుగా అమర్చే ఈ సాఫ్ట్‌వేర్‌ను 2003లో స్థాపించిన సంస్థ తయారు చేసింది. 2024 మార్చిలో ఆ సంస్థను సిస్కో కొనుగోలు చేసింది. గుహల్లోకి దిగి అన్వేషించడాన్ని ఇంగ్లీషులో స్పెలంకింగ్ అంటారు, స్ప్లంక్ అన్న పేరు అందులోంచి వచ్చినదే. ఉత్తరాలు రాసిన వారిలో చాలామంది "మా డేటా పోయింది" అని మొదలుపెట్టారు. నిజంగా పోయినది ఒక్కరిదే.

ప్రశ్న: మా అప్లికేషన్ సర్వర్ల లాగ్‌లు ముందుగా ఒక సిస్‌లాగ్ సర్వర్‌కు (లాగ్‌లను పోగుచేసే సర్వర్), అక్కడి ఫార్వర్డర్ (లాగ్‌లను ముందుకు పంపే ప్రోగ్రామ్) ద్వారా స్ప్లంక్‌కు చేరుతాయి. గత 15 నిమిషాల లాగ్‌లను వెతికితే తాజావి ఒక్కటీ కనిపించడం లేదు. మధ్యాహ్నం 2 గంటలకు రాసినవి రాత్రి 7:30కు గాని బయటపడటం లేదు. ఇది నెట్‌వర్క్ ఆలస్యమేనని మేము, కాదని నెట్‌వర్క్ విభాగంవారు రెండు వారాలుగా వాదించుకుంటున్నాము. – ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హైదరాబాద్

జవాబు: వాదనలో నెట్‌వర్క్ విభాగంవారిదే గెలుపు. నెట్‌వర్క్ వల్ల వచ్చే ఆలస్యం ఒక రోజు పది నిమిషాలు, మరో రోజు గంట ఉంటుంది తప్ప, ప్రతి రోజూ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ఉండదు. అది మన భారత ప్రామాణిక సమయానికీ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మధ్య ఉన్న తేడా. మీ అప్లికేషన్ మన సమయాన్నే రాస్తోంది కానీ, అది ఏ దేశపు సమయమో పక్కన రాయడం లేదు. సిస్‌లాగ్ సర్వర్ గడియారం యూటీసీలో ఉన్నందువల్ల స్ప్లంక్ "14:00" అన్నదాన్ని యూటీసీగా చదివి, ఆ ఘటన (లాగ్‌లోని ఒక్కొక్క నమోదును స్ప్లంక్ ఇలా అంటుంది) మన లెక్కలో రాత్రి 7:30కు జరగబోతున్నదని నమోదు చేసుకుంటోంది. మీ లాగ్‌లు ఎక్కడికీ పోలేదు, ఆలస్యంగా రావడమూ లేదు; వచ్చి, భవిష్యత్తులో కూర్చున్నాయి. "గత 15 నిమిషాలు" అన్న వెతుకులాట ఈ క్షణంతో ఆగిపోతుంది కాబట్టి, గడియారం వాటిని అందుకునేదాకా అవి మీ కంటపడవు.

దీన్ని నిర్ధారించుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. వెతుకులాట ముగింపు సమయాన్ని రేపటికి మార్చి చూడండి. అలాగే, స్ప్లంక్ ప్రతి ఘటనకూ రెండు సమయాలను దాచుకుంటుంది: ఘటన జరిగిన సమయం ఒకటి, ఇండెక్స్‌లోకి, అంటే స్ప్లంక్ డేటాను దాచే నిల్వలోకి, చేరిన సమయం మరొకటి. చేరిన సమయంలోంచి జరిగిన సమయాన్ని తీసివేస్తే మామూలుగా కొన్ని సెకన్లు రావాలి. మీకు మైనస్ 19,800 సెకన్లకు దగ్గరగా వస్తుంది. రెండు రోజుల వరకు ముందున్న తేదీలను స్ప్లంక్ అభ్యంతరం లేకుండా స్వీకరిస్తుంది కాబట్టి మీకు ఏ హెచ్చరికా రాలేదు.

టైమ్‌జోన్ విషయంలో స్ప్లంక్ ఒక క్రమాన్ని పాటిస్తుంది. ఘటనలోనే టైమ్‌జోన్ రాసి ఉంటే దానిదే పైచేయి; లేకపోతే ప్రాప్స్.కాన్ఫ్ అనే అమరికల ఫైలులో మీరు పెట్టిన టీజెడ్ (టైమ్‌జోన్) విలువను, అదీ లేకపోతే ఫార్వర్డర్ ఉన్న యంత్రపు సమయాన్ని, చివరికి ఇండెక్సర్ (డేటాను ఇండెక్స్‌లోకి చేర్చే సర్వర్) సమయాన్ని తీసుకుంటుంది. కనుక ఆ సోర్స్‌టైప్‌కు (ఆ రకపు లాగ్‌లకు స్ప్లంక్‌లో ఉన్న పేరు) టీజెడ్ విలువను ఏషియా/కోల్‌కతా అని ఇండెక్సర్ల మీద పెట్టి, వాటిని రీస్టార్ట్ చేయండి. ఇప్పటికే ఇండెక్స్ అయినవి మాత్రం పాత తప్పుతోనే మిగిలిపోతాయి. అప్లికేషన్ రాసేవారిని ఒప్పించి ప్రతి వరుసలోనూ ప్లస్ 05:30 అని రాయించగలిగితే అంతకన్నా మేలు. రేపు సర్వర్ మారినా, ఫార్వర్డర్ మారినా ఆ వరుస తన సంగతి తానే చెప్పుకుంటుంది.

ఇదే ఫైలులో సమయపు నమూనాను కూడా స్పష్టంగా రాసిపెట్టుకోమని నా సలహా. మనం 03/04 అని రాస్తే ఏప్రిల్ 3 అని అర్థం. స్ప్లంక్‌ను దాని ఊహకే వదిలేస్తే అమెరికా పద్ధతిలో మార్చి 4 అని చదివే ప్రమాదం ఉంది. పదమూడో తేదీ నుంచి నెలాఖరు వరకు అంతా సవ్యంగా ఉండి, ఒకటి నుంచి పన్నెండు వరకు మాత్రం లెక్కలు తారుమారవుతున్నాయంటే కారణం ఇదే. ఊహకు వదిలేయడం ఎంత ప్రమాదమో 2020లో అందరికీ తెలిసివచ్చింది: సమయాన్ని గుర్తుపట్టడానికి స్ప్లంక్ వాడే ఫైలులో ఉన్న లోపం వల్ల, దాన్ని సరిచేసుకోని సర్వర్లు ఆ ఏడాది జనవరి 1 నుంచి రెండంకెల సంవత్సరాన్ని, సెప్టెంబర్ 13 నుంచి యూనిక్స్ సమయాన్ని (1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క) గుర్తించలేకపోయే స్థితి వచ్చింది.

ప్రశ్న: నేర్చుకోవడానికి ఇంట్లో స్ప్లంక్ పెట్టుకున్నాను. ఎక్కువగా వెతికితే లైసెన్సు అయిపోతుందా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అవదు. లైసెన్సు లెక్క లోపలికి తీసుకున్న డేటాకే, వెతుకులాటకు కాదు. తన గురించి తాను రాసుకునే అంతర్గత లాగ్‌లను కూడా స్ప్లంక్ ఈ లెక్కలో కలపదు. ఉచిత లైసెన్సుతో రోజుకు 500 ఎంబీ వరకు తీసుకోవచ్చు. అయితే అందులో అలర్టులూ, లాగిన్ రక్షణా ఉండవు కాబట్టి వాటిని 60 రోజుల ట్రయల్ గడువులోనే సాధన చేసుకోండి. ఆ తరువాత మీ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి.

ప్రశ్న: నాలుగు ఇండెక్స్‌లు ఉన్న మా స్ప్లంక్ సర్వర్‌లో 1 టీబీ డిస్కు నిండిపోయి కొత్త లాగ్‌లు తీసుకోవడం, వెతుకులాట రెండూ ఆగిపోయాయి. తొందరలో రెండు ఫోల్డర్లను చేత్తో తొలగించాను. ఇప్పుడు గత నెల లాగ్‌లు కనిపించడం లేదు, ఆడిట్‌వారు అడుగుతున్నారు. – ఒక ఉద్యోగి, విజయవాడ

జవాబు: నిజంగా డేటా పోయిందని ముందుగా చెప్పినది మీదే. ఆ ఫోల్డర్లకు బ్యాకప్ ఉంటే తప్ప అవి తిరిగి రావు. ఆడిట్‌వారికి జరిగినది జరిగినట్టు రాసివ్వడమే మంచిది.

అసలు అంతదాకా ఎందుకు వచ్చిందో చూద్దాము. ఖాళీ స్థలం 5,000 ఎంబీ కన్నా తగ్గితే స్ప్లంక్ తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, డిస్కు పూర్తిగా నిండి ఉన్న డేటా కూడా చెడిపోకుండా పెట్టిన కాపలా. డేటాను ఎంతకాలం ఉంచాలన్నది ఇండెక్సెస్.కాన్ఫ్‌లో రెండు హద్దులతో తేలుతుంది: వయసు ఒకటి, పరిమాణం రెండవది, ఏది ముందు వస్తే అది. మీరు ఏమీ రాయకపోతే వయసు హద్దు 18,86,97,600 సెకన్లు, అంటే దాదాపు ఆరేళ్లు. పరిమాణపు హద్దు ఒక్కొక్క ఇండెక్స్‌కు 5,00,000 ఎంబీ. మీకు నాలుగు ఇండెక్స్‌లు ఉన్నాయని రాశారు. 1 టీబీ డిస్కు మీద నాలుగు ఇండెక్స్‌లు తలా అర టీబీ దాకా పెరగవచ్చని మీరు వాటికి అనుమతి ఇచ్చి ఉంచారన్నమాట. హద్దు తగలకముందే డిస్కు నిండటంలో వింత లేదు.

ఎంతకాలం ఉంచాలన్నది మీ ఇష్టానికి మాత్రమే వదిలిన విషయం కాదు. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. దాన్ని సెకన్లలో రాస్తే 1,55,52,000. ఇక్కడ చాలామంది పొరబడతారు: వయసు హద్దు పెట్టి ఊరుకుంటారు, కానీ పరిమాణపు హద్దు ముందుగా తగిలితే 180 రోజులు నిండని డేటా కూడా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. కాబట్టి ముందు డిస్కు లెక్క వేయండి. ముడి డేటా ఇండెక్స్ అయ్యాక సుమారు సగం స్థలం తీసుకుంటుందన్నది వాడుకలో ఉన్న అంచనా. రోజుకు 20 జీబీ వస్తుంటే 180 రోజులకు 3,600 జీబీ, అందులో సగం 1,800 జీబీ. మీ 1 టీబీ డిస్కుతో ఈ ఆదేశం నెరవేరదని కాగితం మీదే తేలిపోతుంది. ఈ లెక్కను పట్టుకుని పైఅధికారులను కొత్త డిస్కు అడగండి.

ఇంకొక సంగతి. హద్దు దాటిన డేటాను స్ప్లంక్ "ఫ్రోజెన్" అంటుంది. గడ్డకట్టించి దాస్తుందేమోనని పేరు చూసి భ్రమపడవద్దు, మీరు ఆర్కైవ్ ఫోల్డర్ చూపించకపోతే దాన్ని తొలగించేస్తుంది. పైగా డేటా ఒక్కొక్క ఘటనగా కాక, బకెట్లుగా, అంటే ఘటనల కట్టలుగా, వెళుతుంది. బకెట్‌లోని అన్నిటికన్నా కొత్త ఘటన కూడా గడువు దాటితేనే ఆ బకెట్ కదులుతుంది. హైదరాబాద్ పాఠకుడి మాదిరిగా తేదీలు తప్పుగా నమోదైతే, భవిష్యత్తు తేదీ ఉన్న ఒక్క ఘటన తక్కిన బకెట్ మొత్తాన్ని పట్టి ఉంచుతుంది.

ప్రశ్న: రోజూ ఒక సీఎస్‌వీ నివేదిక కొత్త పేరుతో అదే ఫోల్డర్‌లోకి వస్తుంది. మొదటి రోజుది తప్ప మరేదీ స్ప్లంక్ చదవడం లేదు. – తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫైలును స్ప్లంక్ పేరుతో గుర్తుపట్టదు, మొదటి 256 బైట్లతో గుర్తుపడుతుంది. మీ నివేదికలో కాలమ్ పేర్ల వరుసే అంతకన్నా పొడవుగా ఉండి ఉంటుంది. రోజూ అదే మొహం కనిపిస్తుంటే నిన్నటి ఫైలే మళ్లీ వచ్చిందనుకుని పక్కన పెట్టేస్తోంది. ఇన్‌పుట్స్.కాన్ఫ్‌లో ఈ పొడవును 1,024కు పెంచితే సరిపోతుంది. ఫైలు పేరును కూడా గుర్తింపులో కలిపే మరో అమరిక ఉన్నది కానీ, రొటేట్ అయ్యే (పాత ఫైలుకు పేరు మార్చి కొత్తది మొదలుపెట్టే) లాగ్‌లకు దాన్ని వాడితే పేరు మారిన ప్రతిసారీ పాత ఫైలునే కొత్తదిగా మళ్లీ చదివి, లైసెన్సును తినేస్తుంది.

ప్రశ్న: రాత్రి 1 గంటకు మొదలయ్యే మా బ్యాచ్ పని గంటలో సుమారు 6 జీబీ లాగ్‌లు రాస్తుంది. అవి పూర్తిగా చేరేసరికి ఉదయం 8 అవుతోంది. ఇండెక్సర్లు పెంచాలా? – ఒక ఇంజనీరు, బెంగళూరు

జవాబు: డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక భాగహారం చేయండి. యూనివర్సల్ ఫార్వర్డర్ (డేటాను ఉన్నది ఉన్నట్టు పంపే తేలికపాటి ఫార్వర్డర్) తన లిమిట్స్.కాన్ఫ్ ప్రకారం సెకనుకు 256 కేబీకి మించి పంపదు. ఉత్పత్తి సర్వర్ నెట్‌వర్క్‌ను ఇదే తినేయకుండా పెట్టిన కళ్లెం అది. 6 జీబీని ఆ వేగంతో పంపడానికి 24,576 సెకన్లు, అంటే 6 గంటల 50 నిమిషాలు పడుతుంది. రాత్రి 1 నుంచి లెక్కించుకుంటే మీ ఉదయం 8 దాదాపుగా వచ్చేసింది. ఫార్వర్డర్‌లోని స్ప్లంక్‌డీ.లాగ్ తెరిస్తే, వేగం హద్దును తాకిందన్న సందేశం అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది. హద్దును 2,048కి పెంచి చూడండి. సున్నా పెడితే హద్దే ఉండదు కానీ, సన్నని లింకు మీద ఉన్న శాఖా కార్యాలయాల సర్వర్లలో ఆ పని చేయవద్దు.

పెంచినా ఫలితం లేకపోతే అప్పుడు ఇండెక్సర్ వైపు చూడాలి. అక్కడ డేటా పార్సింగ్, అగ్రిగేషన్, టైపింగ్, ఇండెక్సింగ్ అనే నాలుగు క్యూల (డేటా తన వంతుకోసం ఆగే వరుసల) గుండా వరుసగా సాగుతుంది. కాలువ చివరి తూము మూసుకుపోతే నీరు పైకి ఎగదన్నినట్టుగా, చివరి క్యూ ఆగితే ముందున్నవన్నీ నిండిపోతాయి. మెట్రిక్స్.లాగ్‌లో అన్ని క్యూలూ ఆగినట్టు కనిపించినప్పుడు మొదటిదాన్ని కాక, చివరిదాన్ని అనుమానించండి. ఆగినది ఇండెక్సింగ్ క్యూ అయితే సాధారణంగా డిస్కు వేగం చాలడం లేదని అర్థం. టైపింగ్ క్యూ అయితే ఎవరో బరువైన రెజెక్స్ (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) రాసి ఉంటారు.

ప్రశ్న: మా అప్లికేషన్ పొరపాటున ఆధార్ నంబర్లను లాగ్‌లలో రాసేసింది. డిలీట్ కమాండ్ వాడితే పూర్తిగా పోతాయా? – ఒక భద్రతా విభాగ ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: కంటికి కనిపించకుండా పోతాయి, డిస్కు మీద నుంచి పోవు. డిలీట్ కమాండ్ ఘటనలను వెతుకులాటకు అందకుండా మరుగుపరుస్తుందే తప్ప చెరిపివేయదు, స్థలాన్నీ తిరిగి ఇవ్వదు. ఆ కమాండ్ వాడే హక్కు అడ్మిన్‌కు కూడా మామూలుగా ఉండదు. ప్రత్యేకమైన పాత్రను తాత్కాలికంగా ఇచ్చుకుని, పని కాగానే తీసివేయాలి. డిస్కు మీద నుంచే పోవాలంటే ఆ బకెట్ గడువు తీరి వెళ్లిపోవాలి, లేదా ఆ ఇండెక్స్ మొత్తాన్నీ ఖాళీ చేయాలి. అది 180 రోజుల నిబంధనకు అడ్డువస్తుంది కనుక మీ న్యాయ విభాగాన్ని అడగకుండా చేయవద్దు.

ఇకముందు రాబోయేవాటికి ప్రాప్స్.కాన్ఫ్‌లో సెడ్‌కమాండ్ అమరికతో, ఇండెక్స్ కాకముందే మొదటి 8 అంకెలను ఎక్స్ గుర్తులుగా మార్చి చివరి 4 మాత్రమే ఉంచవచ్చు. ఇది ఇండెక్సర్ మీద గాని, డేటాను పంపేముందే మార్చగల హెవీ ఫార్వర్డర్ మీద గాని పెట్టవలసినది. యూనివర్సల్ ఫార్వర్డర్ మీద పెట్టి పనిచేయడం లేదని వాపోయిన వారిని చాలామందిని చూశాను. "వరుసగా 12 అంకెలు" అని రెజెక్స్ రాస్తే మాత్రం చిక్కుల్లో పడతారు, ఎందుకంటే యూపీఐ లావాదేవీ రిఫరెన్సు నంబరు కూడా 12 అంకెలదే. దాన్నీ చెరిపేస్తే రేపు డబ్బు ఎక్కడ ఆగిందో వెతుక్కునే దారి ఉండదు. ఆధార్ నంబరు 0తో గాని, 1తో గాని మొదలవదన్న సంగతి కొంత సాయపడుతుంది కానీ, అదొక్కటే చాలదు. ఆధార్ ఏ ఫీల్డు పేరు తరువాత వస్తున్నదో చూసి, ఆ పేరుకు కట్టి రెజెక్స్ రాయండి. టెస్ట్ ఇండెక్స్‌లో ఒక రోజు లాగ్‌ల మీద నడిపి, ఆధార్ నంబర్లు మరుగుపడ్డాయనీ, రిఫరెన్సు నంబర్లు చెక్కుచెదరలేదనీ చూసుకున్న తరువాతే ప్రొడక్షన్‌లోకి తీసుకువెళ్లండి.