అవార్డుల సభ బాధ్యత తీసుకున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

మీ కళాకారుల సంఘం ఏటా ఇచ్చే నాటకం, టీవీ, షార్ట్ ఫిల్మ్ అవార్డుల బాధ్యత ఈసారి నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషంగా ఉందమ్మా. నువ్వు పంపిన ప్లాన్ కూడా రెండుసార్లు చదివాను. పెద్ద ఎల్‌ఈడీ స్క్రీన్, రెడ్ కార్పెట్, డ్యాన్స్ ట్రూప్, ఇద్దరు యాంకర్లు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నీ కాగితంలో జ్యూరీ గురించి ఒక్క లైను ఉంది. అవార్డు అందుకునేవాళ్లు స్టేజీ మీద ఎంతసేపు ఉంటారో అసలు లేదు. నన్నడిగితే నీ టైమూ, మీ డబ్బూ ముందు పెట్టాల్సింది ఎంపిక మీద. ఆ తర్వాత, గెలిచినవాళ్లకు దక్కే ఆ రెండు నిమిషాల మీద. మిగతావన్నీ ఆ తర్వాతే.

మొదటి పని ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. పోయినేడు జరిగిన సభ వీడియో మొత్తం తెప్పించుకో. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, మైకు ఎవరి చేతిలో ఎన్ని నిమిషాలు ఉందో రాసుకుంటూ వెళ్లు. మూడు గడులు గీసుకుంటే చాలు. అతిథులు, జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ప్రసంగాలు ఒక గడి. డ్యాన్సులు, పాటలు రెండో గడి. అవార్డు గ్రహీతలు స్టేజీ మీద ఉన్న సమయం మూడోది. నేను పనిచేసిన సభల్లో చాలావాటికి ఈ మూడో గడే అన్నిటికంటే చిన్నది. ఆ కాగితం కమిటీ మీటింగ్‌లో అందరి ముందూ పెట్టు. 'ప్రసంగాలు తగ్గిద్దాం' అని నువ్వంటే ఎవరో ఒకరు మనసులో పెట్టుకుంటారు. నిమిషాలు కళ్లముందు కనిపిస్తే ఆ మాట వాళ్లే అంటారు.

ఇక ఎంపిక సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకు.

చిన్న ప్రాంతంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. జ్యూరీలో కూర్చున్నాయన శిష్యుడి నాటకం పోటీలో ఉంటుంది, కమిటీ సభ్యుడి కోడలు హీరోయిన్‌గా చేసిన షార్ట్ ఫిల్మ్ ఉంటుంది. దీన్ని పూర్తిగా తప్పించలేం. అందుకని నియమం ముందే రాసి పెట్టుకోవాలి: బంధుత్వం గానీ, గురుశిష్య సంబంధం గానీ, డబ్బు లావాదేవీ గానీ ఉన్న ఎంట్రీ వచ్చినప్పుడు ఆ సభ్యుడు మార్కులు వెయ్యడు, చర్చ జరిగేటప్పుడు గదిలో ఉండడు. బయటికి వెళ్లిన సంగతి మీటింగ్ మినిట్స్ పుస్తకంలో రాయాలి. జ్యూరీ చైర్మన్‌గా మాత్రం మీ ప్రాంతంతో సంబంధం లేని మనిషిని తెచ్చుకో. సంఘం కార్యవర్గంలో ఉన్నవాళ్లు ఎంట్రీ పంపుకోవచ్చా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చు. ఫలితాలొచ్చాక తేలిస్తే ఏ పక్కన తేల్చినా గొడవే.

జాతీయ సినిమా అవార్డులకు రెండంచెల పద్ధతి ఉంది. ముందు ప్రాంతీయ ప్యానెళ్లు చూసి కొన్నిటిని పైకి పంపిస్తాయి, తర్వాత కేంద్ర జ్యూరీ చూసి తుది నిర్ణయం తీసుకుంటుంది. మీకంత పెద్ద వ్యవస్థ అక్కర్లేదు గానీ, ఆ ఆలోచన పనికొస్తుంది. ఎంట్రీలు ఎక్కువగా వచ్చే షార్ట్ ఫిల్మ్ విభాగంలో ముగ్గురు మొదటి వడపోత చేసి, తుది జ్యూరీకి తక్కువ పంపితే వాళ్లు ప్రతిదీ మొదటినుంచి చివరిదాకా చూడగలుగుతారు. ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి చూసే జ్యూరీ కన్నా జ్యూరీ లేకపోవడమే నయం. నాటకాలైతే జ్యూరీ మొత్తం ఒకే ప్రదర్శన చూడాలి. ఒకరు థియేటర్లో, ఒకరు వీడియోలో చూసి మార్కులు కలిపితే నటుడికి అన్యాయం జరుగుతుంది. వీడియోలో గొంతు, చూపు సగం కూడా అందవు.

మార్కుల దగ్గర ఒక చిక్కుంది, చాలామంది గమనించరు. ముగ్గురు జడ్జీలు, రెండు నాటకాలు అనుకో. మొదటి జడ్జి ధారాళంగా మొదటి నాటకానికి 90 వేసి, రెండోదానికి 40 వేశాడు. మిగిలిన ఇద్దరికీ రెండో నాటకమే నచ్చింది, కానీ వాళ్లు ఆచితూచి వేసే మనుషులు. దానికి 68 చొప్పున, మొదటిదానికి 62 చొప్పున వేశారు. కూడితే మొదటిదానికి 214, రెండోదానికి 176. ముగ్గురిలో ఇద్దరు వద్దనుకున్న నాటకం గెలిచింది! ఎవరూ మోసం చెయ్యలేదు, అందరూ నిజాయితీగానే వేశారు. అందుకే మార్కులు వద్దు, ర్యాంకులు రాయించు. ఒకటి, రెండు, మూడు అని వరస ఇవ్వమను. మార్కులే కావాలని పట్టుబడితే, ఎవరి మార్కుల్ని బట్టి వాళ్ల వరస తీసి, ఆ వరసలనే కూడు. ఆస్కార్‌లో కూడా ఉత్తమ చిత్రానికి ఓటర్లు ఇష్టాన్ని బట్టి సినిమాలకు వరస సంఖ్యలే ఇస్తారు.

ప్రతి అవార్డుకీ ఎందుకిచ్చారో జ్యూరీ చేత మూడు నాలుగు వాక్యాలు రాయించు. 'అద్భుతమైన నటన కనబరచినందుకు' లాంటి వాక్యం ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ సరిపోదు. 'రెండో రంగంలో కొడుకు ఉత్తరం చదివేటప్పుడు ఒక్క మాటా లేకుండా నిలబడి ప్రేక్షకుల్ని పట్టి ఉంచినందుకు' అని రాస్తే, ఆ నటుడికి జ్యూరీ తన పని చూసిందని తెలుస్తుంది. రానివాళ్లకీ సమాధానం దొరుకుతుంది. ఆ వాక్యాలనే ప్రశంసాపత్రం మీద అచ్చు వేయించు, యాంకర్ చేత అవే చదివించు.

తేదీ మాత్రం తప్పించకు. నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి, లేపాక్షి నంది పేరు మీద. ఇంట్లో నంది ఉందంటే ఆ కళాకారుడికి ఊళ్లో దక్కే గౌరవమే వేరుగా ఉండేది. అలాంటి అవార్డులకు కూడా బకాయిలు పడి, 2014, 2015, 2016 మూడేళ్లవీ 2017 నవంబర్‌లో ఒకేసారి ప్రకటించాల్సి వచ్చింది. వాదోపవాదాలు ఎంత దూరం వెళ్లాయో నీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డులు మొదలుపెట్టి 2025 జూన్ 14న హైదరాబాద్‌లో సభ చేసినప్పుడు, 2024తో పాటు అంతకు ముందు పదేళ్ల ఉత్తమ చిత్రాలను కూడా ఎంపిక చేయాల్సి వచ్చింది. ఆలస్యమైన అవార్డు అందుకునేటప్పటికి ఆ పని చేసిన మనుషుల్లో కొందరు ఉండరు, ఉన్నవాళ్లకు ఆ ఉత్సాహం ఉండదు. డబ్బులు సరిపోకపోతే సభను చిన్నది చెయ్యి. హాలు మార్చు, డ్యాన్సులు తీసెయ్యి. ఏడాది మాత్రం దాటనివ్వకు.

విభాగాల గురించి నీ ప్లాన్‌లో ఒక మాట నాకు నచ్చలేదు. మేకప్, లైటింగ్, సౌండ్, ఎడిటింగ్ అవార్డులు 'టైమ్ కలిసొస్తుందని' సభ మొదలవకముందే ఇచ్చేద్దాం అన్నావు. 2022లో ఆస్కార్ వాళ్లు ఇదే చేశారు. ఎడిటింగ్, సౌండ్, మేకప్ సహా ఎనిమిది విభాగాలను లైవ్‌కి ముందే ఇచ్చి, రికార్డు చేసి మధ్యలో కలిపారు. పరిశ్రమ నుంచి గట్టిగా వ్యతిరేకత వచ్చింది. మరుసటి ఏడాదికి అన్నీ మళ్లీ లైవ్‌లోకి వచ్చాయి. మన 'నాటు నాటు' పాటకు కీరవాణి, చంద్రబోస్ అవార్డు అందుకున్న సభ అదే. నీకు టైమ్ కావాలంటే ప్రసంగాల దగ్గర దొరుకుతుంది. ముప్ఫై ఏళ్లుగా రంగులు కలుపుతున్న మేకప్ ఆర్టిస్టు జీవితంలో ఒక్కసారి స్టేజీ ముందువైపు నుంచి ఎక్కుతాడు. అప్పుడు హాలు నిండి ఉండాలి. కొత్త విభాగాలు పెంచడం మాత్రం వద్దు. 'స్పెషల్ జ్యూరీ' పేరుతో అడిగినవాళ్లందరికీ ఒకటి ఇస్తే, నిజంగా గెలిచినవాళ్లకు ఇచ్చిందీ పలచబడిపోతుంది.

అవార్డు ఎవరి చేతుల మీదుగా అన్నది తేలిగ్గా తీసుకోకు. 2018 మే 3న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో జాతీయ అవార్డుల సభ. రాష్ట్రపతి 11 మందికే స్వయంగా ఇస్తారని, మిగిలినవాళ్లకు మంత్రి ఇస్తారని చివరి నిమిషంలో తెలిసింది. 50 మందికి పైగా విజేతలు సభకు వెళ్లలేదు. మంత్రి చేత తీసుకోవడం చిన్నతనమని కాదు, ఆహ్వానంలో ఒకటి చెప్పి అక్కడ ఇంకొకటి చేశారని వాళ్ల బాధ. కాబట్టి ఎవరు ఎవరికి ఇస్తారో ఆహ్వానం పంపేటప్పుడే రాసెయ్యి. నా సలహా ఏమిటంటే, సౌండ్ అవార్డు ఒక సీనియర్ సౌండ్ మనిషి చేత, నటన అవార్డు ఒక పెద్ద నటి చేత ఇప్పించు. ముఖ్య అతిథికి జీవిత సాఫల్య పురస్కారం ఒక్కటీ ఉంచు. ఆయన ఆలస్యంగా వచ్చినా నీ సభ ఆగదు. అతిథి కోసం విజేతలను గంటన్నర కూర్చోబెట్టిన సభలు చాలా చూశాను, ఎంత బాధేస్తుందో చెప్పలేను.

ఒక సభలో చూసింది చెప్తాను. ఉత్తమ సహాయ నటి అవార్డు. ఎనభై దాటిన ఆవిడ, చేతికర్రతో హాలు వెనక వరస నుంచి నడిచి రావాలి. మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ మెట్ల దగ్గరికి వచ్చేసరికే వెనకాల మ్యూజిక్ అయిపోయింది, యాంకర్ తర్వాతి పేరు చదివేస్తోంది. స్టేజీ మీద అప్పటికే ఇరవై మంది. మెమెంటో ఆవిడ చేతిలో పెట్టారు, శాలువా కప్పారు, ఫొటో కోసం అటూ ఇటూ తిప్పారు. మెమెంటో మీద ఉన్న ఇంటిపేరు తప్పు. ఆవిడ మైకు వైపు చూసింది. ఎవరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం ఖర్చుపెట్టిన లైట్లూ పూలూ నాకు ఒక్కటీ గుర్తులేవు.

ఇవేవీ డబ్బుతో సరిచేసేవి కావు. విజేతలు, నామినేషన్ ఉన్నవాళ్లు ముందు రెండు వరసల్లో, మెట్లవైపు అంచున కూర్చోవాలి. అతిథులు మూడో వరస. మెట్లకు రెయిలింగ్, పక్కన ర్యాంప్, చెయ్యందించడానికి ఒక వాలంటీర్. స్టేజీ మీద ఒకసారికి నలుగురు మించకూడదు: యాంకర్, ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు, మెమెంటో అందించే మనిషి. స్టేజీ పక్క తెరల చాటున, అంటే వింగ్స్‌లో, స్టేజ్ మేనేజర్ ఒక్కరే ఉండాలి, ఆ మాటే చివరి మాట. సంఘం అధ్యక్షుడైనా సరే స్టేజీ మీదికి వెళ్లాలంటే ఆ స్టేజ్ మేనేజర్‌ను అడగాల్సిందే. పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు విజేతల చేతే ఫోన్‌లో చెప్పించుకుని, వాళ్లు ఎలా పలికారో యాంకర్‌కు వినిపించు. ఆ రికార్డింగ్ యాంకర్ ఫోన్‌లో ఉంటే రిహార్సల్‌కు పది నిమిషాలు చాలు.

మాట్లాడ్డానికి ఆస్కార్ వాళ్లిచ్చేది 45 సెకన్లు. మనవాళ్లకు అది చాలదు. నిమిషంన్నర ఇవ్వు. ముందే చెప్పు, ఎదురుగా టైమర్ కనిపించేలా పెట్టు. టైమ్ దాటితే మ్యూజిక్ వేసి అవమానించకు. మొదటి వరసలో కూర్చున్న వాలంటీర్ ఒక కార్డు చూపిస్తే చాలు. చాలామంది సగం టైములోనే ముగించేస్తారు, గొంతు పూడుకుపోయి.

కవర్ల విషయంలో 2017 ఆస్కార్ గుర్తుపెట్టుకో. స్టేజీకి రెండు పక్కలా ఒక్కో సెట్టు చొప్పున కవర్లు ఉంటాయి. ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వచ్చినవాళ్ల చేతికి, అప్పటికే ప్రకటించేసిన ఉత్తమ నటి కవరు రెండో కాపీ వెళ్లింది. 'మూన్‌లైట్'కు రావాల్సింది 'లా లా ల్యాండ్' అని చదివేశారు. ఆ బృందం స్టేజీ మీద థ్యాంక్స్ చెబుతుండగా తప్పు సరిదిద్దారు. ఆ తర్వాత వాళ్లు తీసుకున్న జాగ్రత్తలు నీకూ పనికొస్తాయి. కవర్లు ఇచ్చేవాళ్లు స్టేజీ వెనక ఫోన్ ముట్టుకోకూడదు, కవరు సరైనదేనని ఇచ్చేముందు ఇంకొకరు చూడాలి, మొత్తం ఫలితాలు తెలిసిన మనిషి కంట్రోల్ రూమ్‌లో ఉండాలి. నువ్వు అదనంగా ఒకటి చెయ్యి: కవరు మీదా, లోపలి కార్డు మీదా విభాగం పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. వాడేసిన కవరు అక్కడికక్కడే వేరే పెట్టెలో పడాలి.

స్పాన్సర్ల గురించి ఎక్కువ రాయను. వాళ్ల లోగో స్క్రీన్ మీద, బ్యానర్ మీద వెయ్యి, థ్యాంక్స్ చెప్పు. అవార్డు పేరు ముందు వాళ్ల పేరు మాత్రం వద్దు, జ్యూరీలో సీటు అసలే వద్దు. రెండో షరతు ఒప్పుకోనివాళ్లిచ్చే డబ్బు లేకుండానే సభ చేసుకుందాం.

సభ అయిపోయిన వారంలోపు విజేతల పేర్లు, జ్యూరీ రాసిన వాక్యాలు, ఫొటోలు అన్నీ ఒకచోట పెట్టి అందరికీ తెలిసేలా ప్రకటించు. ఎంట్రీ పంపి గెలవనివాళ్లకు కూడా ఒక ఉత్తరం వెళ్లాలి, సంతకంతో. అది ఎవరూ చెయ్యరు గానీ, వచ్చే ఏడాది మళ్లీ ఎంట్రీ పంపేది వాళ్లే.

ఈ ఏడాదికి అన్నీ కుదరకపోవచ్చు. నియమాల కాగితం, ర్యాంకుల పద్ధతి, ముందు వరసల్లో విజేతలు: ఈ మూడింటి దగ్గర మాత్రం వెనక్కి తగ్గకు. నియమాలు చిత్తుప్రతి రాసి పంపు, కమిటీ ముందు పెట్టేలోపు నేనూ ఒకసారి చూస్తాను. జ్యూరీ చైర్మన్ కోసం ఒకరిద్దరు పెద్దలతో మాట్లాడమంటే మాట్లాడతాను. వాళ్లకు కనీసం మూడు నెలల ముందు చెప్పాలి, అందుకని ఈ వారంలోనే ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మీ పెదనాన్న