డెంటల్ హైజీన్ కోర్సు: సీటు రావాలంటే ఏం కావాలి, వచ్చాక ఏం చదవాలి

అమెరికాలో డెంటల్ హైజీనిస్టు, అంటే డెంటిస్టు దగ్గర పళ్లు, చిగుళ్లు శుభ్రం చేసే నిపుణుల చదువు గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈ సంచికలో తీసుకున్నాం. కాలేజీని బట్టి, రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారుతుంటాయి. మీరు చేరబోయే కాలేజీ ఆ ఏడాదికి విడుదల చేసిన దరఖాస్తు సూచనలనే చివరి మాటగా తీసుకోండి.

ప్రశ్న: బీకాం చదివి, పెళ్లయ్యాక హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఇంటర్‌లో కూడా సైన్సు లేదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల డెంటల్ హైజీన్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. నాకు అర్హత ఉందా? నిజంగా రెండేళ్లలో అయిపోతుందా?
— ఒక పాఠకురాలు, డల్లాస్

అర్హత తెచ్చుకోవచ్చమ్మా. ఇంటర్‌లో సైన్సు లేకపోవడం అడ్డేమీ కాదు. హెచ్‌4 మీద ఉన్నవారు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు. అయితే రెండేళ్లు అన్నది సీటు వచ్చాక పట్టే సమయం మాత్రమే. దానికి ముందు చదవాల్సిన కోర్సులకు ఇంకో ఏడాది, చిన్నపిల్లలతో అయితే ఏడాదిన్నర పడుతుంది. మొత్తం మూడు నుంచి మూడున్నరేళ్లని లెక్క వేసుకోండి.

ముందు చదవాల్సినవి చాలా కాలేజీల్లో దాదాపు ఇవే: ల్యాబ్‌తో కూడిన అనాటమీ–ఫిజియాలజీ రెండు భాగాలు, ల్యాబ్‌తో మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, ఇంగ్లీష్ కంపోజిషన్, సైకాలజీ, సోషియాలజీ, స్పీచ్. కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్ లేదా కాలేజ్ ఆల్జీబ్రా, న్యూట్రిషన్ కూడా అడుగుతారు. ప్రతి దాంట్లో కనీసం సి గ్రేడు ఉండాలంటారు. సీటు కావాలంటే సైన్సులో ఎ, బి గ్రేడుల కోసమే చదవాలి.

వీటిని చదివే వరుస ముఖ్యం. అనాటమీ రెండో భాగానికి మొదటిది పూర్తయి ఉండాలి. కొన్ని కాలేజీలు మొదటి భాగానికే జనరల్ బయాలజీ ఉండాలంటాయి. అందుకని మొదటి సెమిస్టర్‌లో బయాలజీగానీ అనాటమీ మొదటి భాగంగానీ తీసుకుని, దాంతో పాటు ఇంగ్లీషు, సైకాలజీ పెట్టుకోండి. రెండో సెమిస్టర్‌లో అనాటమీ రెండో భాగం, కెమిస్ట్రీ. తరవాత మైక్రోబయాలజీ, మిగిలినవి. మూడు ల్యాబ్ కోర్సులు ఒకే సెమిస్టర్‌లో కుక్కితే మూడింట్లోనూ గ్రేడు జారుతుంది. ఎంపికలో ఎక్కువ బరువు వీటికే కాబట్టి ఇక్కడ తొందర పడితే ఒక సెమిస్టర్ మిగిలినట్టు కనిపించి, ఒక ఏడాది పోతుంది.

బీకాం పట్టాని లెక్కలోకి తీసుకోవాలంటే డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి, విదేశీ చదువుని ఇక్కడి లెక్కలోకి మార్చి చెప్పే సంస్థతో కోర్సుల వారీ మూల్యాంకనం చేయించాలి. ట్రాన్‌స్క్రిప్టులు మీ యూనివర్సిటీ నుంచే వెళ్లాలి గనక నెలలు పట్టొచ్చు, ఇవాళే మొదలుపెట్టండి. సోషల్ సైన్సుల్లో ఒకటి రెండు మాఫీ కావచ్చు. ఇంగ్లీష్ కంపోజిషన్‌ మాత్రం ఇక్కడే చదవమనే కాలేజీలు ఎక్కువ.

ఇంకో మాట. రాష్ట్ర నివాసి ఫీజుకి, బయటివారి ఫీజుకి చాలా తేడా ఉంటుంది. హెచ్‌4 వారికి నివాసి ఫీజు ఇస్తారో లేదో కాలేజీ అడ్మిషన్ల విభాగాన్ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

ప్రశ్న: కనీస జీపీఏ (గ్రేడుల సగటు) 2.75 అన్నారు. నాకు 3.2 ఉంది, అన్ని కోర్సులూ పూర్తిచేశాను. అయినా సీటు రాలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

పొరపాటు జరిగి ఉండకపోవచ్చు. 2.75 అన్నది దరఖాస్తు తీసుకోవడానికి గీసిన గీత, సీటుకి కాదు. క్లినిక్‌లో ఉన్న డెంటల్ కుర్చీలు, పర్యవేక్షించే అధ్యాపకులు ఎంతమందికి సరిపోతే అంతమందినే తీసుకుంటారు కాబట్టి ఒక్కో బ్యాచ్ చిన్నది. వచ్చిన దరఖాస్తులకి పాయింట్లు వేసి పైనుంచి కిందికి పిలుస్తారు.

ఆ పాయింట్ల పట్టిక చాలా కాలేజీలు బయటపెడతాయి. దాన్ని దగ్గర పెట్టుకుని మీకు ఎన్ని వచ్చాయో మీరే లెక్కవేయండి. చూడాల్సినవి నాలుగు. సైన్సు జీపీఏని విడిగా లెక్కిస్తారా? రెండోసారి చదివిన కోర్సుకి ఏ గ్రేడు తీసుకుంటారు, కొత్తదా, సగటా? టీస్ లేదా హెసీ అనే ప్రవేశ పరీక్ష ఉందా, ఉంటే దానికెన్ని పాయింట్లు? హైజీనిస్టు పనిని గమనించిన గంటలకి, డెంటల్ అసిస్టెంట్ అనుభవానికి పాయింట్లున్నాయా?

టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఉంటాయి. మనవాళ్లు లెక్కల్లో తెచ్చుకున్న మార్కులు రీడింగ్‌లో పోగొట్టుకుంటారు. అభ్యాస పరీక్షలు గడియారం పెట్టుకుని రాయండి. మళ్లీ రాయడానికి ఎన్ని రోజులు ఆగాలో, ఏడాదికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారో ముందే కనుక్కోండి.

అన్నిటికన్నా ఎక్కువమంది పట్టించుకోని విషయం గడువు తీరిన కోర్సులు. సైన్సు కోర్సులు 5 ఏళ్ల లోపు, కొన్నిచోట్ల 7 ఏళ్ల లోపు చదివినవై ఉండాలంటారు. ఈ ఏడాది సీటు రాక వచ్చే ఏడాదికి ఆగితే మీ అనాటమీ ఆ గీత దాటిపోతుందేమో చూసుకోండి. దాటితే మళ్లీ మొత్తం చదవాల్సిందే.

ఒక్క కాలేజీని నమ్ముకుని కూర్చోకండి. మూడు నాలుగింటికి పెట్టండి. కొన్ని కాలేజీలు ఏడియా డీహెచ్‌క్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా తీసుకుంటాయి. కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువ భాగానికి సొంత దరఖాస్తే. కాకపోతే ఒక్కో కాలేజీ ముందస్తు కోర్సుల జాబితా కాస్త తేడాగా ఉంటుంది. ఒకరికి కెమిస్ట్రీ ఒక సెమిస్టర్ చాలు, ఇంకొకరికి ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ కూడా కావాలి. జాబితాలన్నీ పక్కపక్కన పెట్టి, అన్నిటికీ సరిపోయేలా కోర్సులు ఎంచుకోండి.

ప్రశ్న: త్వరగా సీటిస్తామని ఒక ప్రైవేటు కాలేజీ అంటోంది. ఫీజు కమ్యూనిటీ కాలేజీకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. చేరవచ్చా?
— ఒక పాఠకుడు, అట్లాంటా

ఫీజు సంగతి తరవాత. ముందు ఆ కోర్సుకి కోడా గుర్తింపు, అంటే కమిషన్ ఆన్ డెంటల్ అక్రిడిటేషన్ గుర్తింపు ఉందా అని కోడా జాబితాలో మీరే చూడండి. కాలేజీకి ఉన్న సాధారణ గుర్తింపు చాలదు, హైజీన్ కోర్సుకి విడిగా ఉండాలి. అది లేకపోతే జాతీయ బోర్డు పరీక్షకు, లైసెన్సుకు దారి మూసుకుపోతుంది. కొత్త కోర్సులకిచ్చే ప్రారంభ గుర్తింపు కూడా చెల్లుతుంది. 'దరఖాస్తు చేశాం, వస్తుంది' అన్న మాట మాత్రం నమ్మి డబ్బు కట్టకండి. అలబామాలో డెంటిస్టు దగ్గర పనిచేస్తూ శిక్షణ పొందే పద్ధతి ఉంది. ఆ దారిలో తెచ్చుకున్న లైసెన్సు వేరే రాష్ట్రాలకి మారడం కష్టం.

ప్రశ్న: ఇండియాలో బీడీఎస్ చేసి నాలుగేళ్లు ప్రాక్టీసు చేశాను. హైజీనిస్టు లైసెన్సు నేరుగా వస్తుందా? కనీసం కోర్సులో మినహాయింపు ఉంటుందా?
— ఒక పాఠకురాలు, ఇలినాయ్

చాలా రాష్ట్రాల్లో నేరుగా రాదండీ. కోడా గుర్తింపున్న హైజీన్ కోర్సు పూర్తిచేసి ఉండాలన్నదే నిబంధన. ఫ్లోరిడా లాంటి ఒకటి రెండు రాష్ట్రాల చట్టంలో విదేశీ డెంటిస్టులు కొన్ని షరతులతో హైజీన్ పరీక్షలు రాసే వీలుంది. అయితే ఆ లైసెన్సు పట్టుకుని ఇంకో రాష్ట్రానికి వెళ్తే అక్కడ లైసెన్సులిచ్చే బోర్డు ఒప్పుకోవాలి. మీరు ఉండబోయే రాష్ట్రం బోర్డుని ముందు అడగండి.

కాలేజీలో మీ అనాటమీ, మైక్రోబయాలజీ మూల్యాంకనంలో నెగ్గినా, చదివి ఎన్నేళ్లయిందన్న గీత దగ్గర ఆగిపోవచ్చు. వృత్తి కోర్సుల్లో మినహాయింపు అరుదు, ఎందుకంటే క్లినిక్ పాఠాలన్నీ ఒకదాని మీద ఒకటి కట్టినవి.

నిర్ణయం తీసుకునే ముందు లెక్క వేసి చూడండి. ఐఎన్‌బీడీఈ అనే డెంటిస్టుల జాతీయ బోర్డు పరీక్ష రాసి, క్యాపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు పెట్టి, విదేశీ డెంటిస్టుల కోసం ఉన్న రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు చేస్తే డెంటిస్టుగానే పనిచేయొచ్చు. దానికి ఫీజు చాలా ఎక్కువ, పోటీ తీవ్రం. హైజీన్ ఖర్చు తక్కువ, పని వేళలు కుటుంబానికి అనుకూలం. మీ డిగ్రీకి చిన్నతనమని మాత్రం దీన్ని వదులుకోకండి. ఇది సొంత లైసెన్సున్న వృత్తి. 2023 మేలో దీని మధ్యస్థ వార్షిక వేతనం 87,530 డాలర్లని అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్క.

ప్రశ్న: ఈ ఆగస్టులో కోర్సు మొదలవుతోంది. ఏమేం చదవాలి, ఎక్కడ ఎక్కువమంది తడబడతారు?
— ఒక పాఠకురాలు, ఒహాయో

మొదటి సెమిస్టర్‌లో దంతాల నిర్మాణం, తల–మెడ అనాటమీ, నోటి కణజాలాలు, రేడియాలజీ, ప్రీక్లినిక్ (రోగుల్ని చూసే ముందు చేసే సాధన) ఉంటాయి. తరవాత పీరియోడాంటాలజీ (చిగుళ్ల జబ్బులు), పాథాలజీ, ఫార్మకాలజీ (మందులు), డెంటల్ మెటీరియల్స్, మత్తు ఇంజక్షన్, అత్యవసర వైద్యం, సామాజిక దంతారోగ్యం, వృత్తి చట్టం వస్తాయి. కోడా ప్రమాణాల ప్రకారం ప్రీక్లినిక్ వారానికి కనీసం 6 గంటలు, రోగుల్ని చూడ్డం మొదలయ్యాక 8 నుంచి 12, ఆఖరి ఏడాది 12 నుంచి 16 గంటలు క్లినిక్ ఉండాలి. తరగతులు, చదువు, రోగులకి ఫోన్లు దీనికి అదనం. పూర్తికాలం ఉద్యోగం చేస్తూ నెట్టుకురావడం దాదాపు అసాధ్యం.

పుస్తకం చదివి ఎ తెచ్చుకునేవారు కూడా తడబడేది చేతి పనిలో. గారని తడిమి కనిపెట్టే పనిముట్టు అయిన ఎక్స్‌ప్లోరర్‌ని గట్టిగా పట్టుకుంటే చిగురు కింద ఉన్న గార వేళ్లకి తెలియదు. మునివేళ్లు తెల్లబడుతున్నాయంటే పట్టు బిగుసుకుందని అర్థం. వదులుగా పట్టి, ఉంగరపు వేలిని పక్క పంటి మీద ఆనించి, పంటి మీద నుంచి పనిముట్టు లేవకుండా నడిపించాలి.

గార తీసేటప్పుడు బ్లేడు ముఖానికి, పంటికి మధ్య కోణం 45 డిగ్రీలకు ఎక్కువ, 90కి తక్కువ ఉండాలి. 70–80 అయితే బాగా తెగుతుంది. 45 కన్నా తగ్గితే బ్లేడు జారి గార పైపొర నున్నబడుతుంది. అలా నున్నబడ్డ గార తరవాత ఎక్స్‌ప్లోరర్‌కి దొరకదు, అధ్యాపకులకి ఎక్స్‌రేలో దొరుకుతుంది. 90 దాటితే చిగురు చిరుగుతుంది. గార తీసే పనిముట్టు అయిన గ్రేసీ క్యూరెట్‌తో దీనికి ఒక గుర్తుంది: బ్లేడుకి దగ్గరున్న కాడ భాగం పంటి ఉపరితలానికి సమాంతరంగా ఉంటే కోణం దానంతటదే కుదురుతుంది. మొద్దుబారిన బ్లేడుతో ఎంత బలం పెట్టినా నున్నబడ్డమే తప్ప తెగదు, కాబట్టి సానపెట్టడం మొదటి నెలలోనే నేర్చుకోండి. కదలిక ముంజేతి నుంచి రావాలి. వేళ్లు మడిచి గీకేవారికి మణికట్టు నొప్పి చదువు పూర్తవకముందే మొదలవుతుంది.

ఎక్స్‌రేల్లో తప్పులు కూడా ఇంతే కచ్చితంగా పట్టుకోవచ్చు. పక్కపక్క పళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తే అడ్డ కోణం తప్పు. పళ్లు పొట్టిగా వస్తే నిలువు కోణం ఎక్కువైంది, సాగినట్టు వస్తే తక్కువైంది.

ఇక చదువు పూర్తవడం ఆలస్యమయ్యే అసలు కారణం చాలాసార్లు రోగులు దొరకకపోవడమే. తక్కువ గార, మధ్యస్థం, ఎక్కువ, చిగుళ్ల జబ్బు ఉన్నవారు, పిల్లలు, వృద్ధులు, ఇలా రకానికి ఇంతమందిని పూర్తిచేయాలని లెక్క ఉంటుంది. వారిని వెతికి తెచ్చుకునే బాధ్యత చాలా కాలేజీల్లో విద్యార్థిదే. ఒక్కో పంటికి ఆరు చోట్ల చిగురుకి, పంటికి మధ్య లోతు కొలవాలి, అంటే 28 పళ్లకి 168 కొలతలు. ప్రతి దశలో అధ్యాపకుల తనిఖీ ఉంటుంది గనక ఒక్క రోగికే రెండు మూడు విడతలు పట్టొచ్చు. మొదటిసారే ఆ మాట చెప్పి ఒప్పించండి, లేకపోతే మధ్యలో మానేస్తారు, సగం చేసిన పని లెక్కలోకి రాదు. ఏళ్లుగా పళ్లు శుభ్రం చేయించుకోని బంధుమిత్రుల జాబితా ఇప్పటినుంచే రాసుకోండి.

ప్రశ్న: సీటు వచ్చింది. టీకాలు, సర్టిఫికెట్లు అంటూ పెద్ద జాబితా పంపారు. ఏది ముందు చేయాలి?
— ఒక పాఠకుడు, వర్జీనియా

హెపటైటిస్ బి. సాధారణంగా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. ఆఖరి డోసు తరవాత ఒకటి రెండు నెలలకి రక్తపరీక్షలో రక్షణ వచ్చిందో లేదో చూస్తారు. మొత్తం ఏడెనిమిది నెలలు, కాబట్టి సీటు కోసం ఆగకుండా దరఖాస్తు చేసే రోజుల్లోనే మొదలుపెట్టాల్సింది ఇదొక్కటే. ఆలస్యమైతే రెండు డోసుల తక్కువ వ్యవధి టీకా గురించి డాక్టర్ని అడగండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, టీడాప్, ఫ్లూ వారాల్లో అయిపోతాయి. టీబీకి మాత్రం, చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవారికి చర్మ పరీక్ష పొరపాటున పాజిటివ్ రావచ్చు. రక్తపరీక్ష ఒప్పుకుంటారేమో అడగండి. సీపీఆర్ కోర్సు ఆరోగ్య సిబ్బందికి ఉద్దేశించిన బీఎల్‌ఎస్ స్థాయిదే కావాలి, చేత్తో చేసి చూపించే భాగం లేని పూర్తి ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ని తిప్పి పంపుతారు.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. ఇబ్బందా?
— ఒక విద్యార్థిని, కాలిఫోర్నియా

కాదు. రోగి తల గడియారంలో 12 అంకె వైపు ఉందనుకుంటే, కుడిచేతివారు 9 అంకె వైపు కూర్చుంటే మీరు 3 వైపు కూర్చుంటారు. ఎడమచేతికి మార్చుకోగల డెంటల్ కుర్చీలు ఎన్ని ఉన్నాయో చేరగానే కనుక్కోండి. వాటం మార్చుకోమని ఎవరన్నా ఒప్పుకోకండి.

ప్రశ్న: కోర్సు అయ్యాక ఏ పరీక్షలు? ఇండియా నుంచి ఎఫ్‌1 విద్యార్థి వీసా మీద మా తమ్ముడి కూతుర్ని రప్పించి ఇదే చదివించవచ్చా?
— ఒక పాఠకుడు, మిషిగన్

మూడు మెట్లు. మొదటిది జాతీయ బోర్డు పరీక్ష. 350 ప్రశ్నల్లో 200 విడివిడి ప్రశ్నలు, 150 ప్రశ్నలు 12 నుంచి 15 మంది రోగుల కేసుల మీద. 75 స్కోరు వస్తే పాస్. అది మార్కుల శాతం కాదు, స్కేలు మీద లెక్కించిన అంకె. రెండోది క్లినికల్ పరీక్ష. ఎడెక్స్ లాంటివాటిని చాలాచోట్ల ఇప్పుడు బొమ్మ నోటి మీదే చేయొచ్చు. మూడోది రాష్ట్ర చట్టం మీద పరీక్ష, దరఖాస్తు.

అమ్మాయి విషయంలో కాస్త ఆలోచించండి. కొన్ని కమ్యూనిటీ కాలేజీలు స్థానికులకే మొదటి అవకాశం ఇస్తాయి. చదువయ్యాక పనిచేసేందుకిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలే, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు లేదు. ఈ ఉద్యోగానికి మామూలుగా అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి, బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి అన్న షరతున్న హెచ్‌1బీ దొరకడం చాలా కష్టం. ఇక్కడే పుట్టినవారికి, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పని అనుమతి ఉన్న భార్య లేదా భర్తకి ఇది చక్కగా కుదిరే చదువు. ఆమెకోసం లక్షలు అప్పుచేసే ముందు ఒకసారి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.