అరిగిందా, నలిగిందా, పగిలిందా?

సందేహం: పాలిటెక్నిక్ ల్యాబ్ నోట్సు తెలుగులో రాస్తున్నాను. రోడ్డు కంకర ఎంత గట్టిదో తేల్చడానికి డ్రమ్ములో వేసి తిప్పే లాస్ ఏంజెలెస్ అబ్రేషన్ టెస్టులో కంకర 'అరిగింది' అనాలా, 'నలిగింది' అనాలా? 'విరుగుడు' అని రాయవచ్చా?
– ఒక అధ్యాపకురాలు

సమాధానం: 'విరుగుడు' వద్దండి, అది విషానికి వాడే మాట. విరగడం ఎక్కువగా పొడుగు వస్తువులకు చెబుతాం: కొమ్మ, చెయ్యి, బియ్యపు గింజ. కంకర రాయి పగులుతుంది.

మిగతా మాటలు తేలాలంటే డ్రమ్ములోకి చూడాలి. సాధారణంగా 5 కిలోల కంకర, 11 లేదా 12 ఇనుప గుండ్లు వేసి 500 చుట్లు తిప్పుతారు. లోపల ఒక అడ్డపలక ఉంటుంది. అది కంకరనూ గుండ్లనూ పైకెత్తి దభాలున కింద పడేస్తుంది. ఆ దెబ్బకు రాయి పగులుతుంది. గుండుకూ డ్రమ్ము గోడకూ మధ్య ఇరుక్కున్నది నలుగుతుంది, తలుపు సందులో వేలు నలిగినట్టు. ఒకదానికొకటి ఒరుసుకుంటూ దొర్లినవి అరుగుతాయి, సానరాయి మీద గంధపు చెక్కలా. బయటికి తీశాక ఒక ముక్కను చేతిలోకి తీసుకోండి. అంచులు గుండ్రబడి వేలికి దుమ్ము అంటితే అరిగింది. ఒక వైపు కొత్తగా తెరుచుకుని అంచు గీసుకునేలా ఉంటే పగిలింది. రైసు మిల్లులో ఇదే తేడాకు మనకు రెండు పేర్లున్నాయి: ఒరుసుకుంటే తవుడు, విరిగితే నూక. ఇంత చక్కగా విడదీసిన భాషలో అన్నిటికీ 'అరుగుదల' అని సరిపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

పరీక్ష పేరులో అబ్రేషన్ అంటే అరుగుదలే. కానీ ఆ డ్రమ్ములో దెబ్బ పాలు చాలా ఎక్కువ. అందుకని పేరును అందరూ అనేలా ఉంచేసి, వివరణలో మూడు క్రియలూ రాయండి.

చివర్న వచ్చే అంకెకు మాత్రం 'అరుగుదల విలువ' అనకండి. 1.7 మిల్లీమీటర్ల జల్లెడ మీద మిగిలినది తూచి, ఎంత తగ్గిందో లెక్క కడతారు. బరువులో పోయినదానికి కంసాలి దగ్గరా, ధాన్యం కొనే చోటా ఎప్పటినుంచో ఉన్న మాట 'తరుగు'. రాయి ఎలా పోయిందో చెప్పేది అరుగు, ఎంత పోయిందో చెప్పేది తరుగు. మీ నోట్సులో ఇలా రాయవచ్చు: "గుండ్ల దెబ్బకు కంకర పగిలింది, కొంత నలిగింది, ఒరిపిడికి అంచులు అరిగాయి. 5 కిలోల్లో జల్లెడ మీద మిగిలినది 3.8 కిలోలు. తరుగు 24 శాతం."