లాసెట్, క్లాట్ రెండూ రాయొచ్చు, ఒకే గైడుతో మాత్రం కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ మొదటి ఏడాది పూర్తి చేసింది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. లా చదివి జడ్జి కావాలంటోంది. లాసెట్ రాయించాలా, క్లాట్ రాయించాలా? రెండింటికీ కలిపి ఒకే కోర్సులో కోచింగ్ ఇస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వెంటపడుతున్నారు. చేర్పించమంటారా, ఇంట్లో చదువుకుంటే సరిపోతుందా?
– ఓ తండ్రి, నరసరావుపేట

జవాబు: లాసెట్ మన రాష్ట్రంలోని లా కాలేజీలకు, క్లాట్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ప్రవేశ పరీక్ష. ఫీజు కట్టేముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఇంగ్లిష్ దినపత్రికలో సంపాదకీయాల పేజీ తీసి, సుమారు 450 పదాలుండే వ్యాసం ఒకటి అమ్మాయికి ఇవ్వండి. ఫోన్‌లో మూడు నిమిషాలకు టైమర్ పెట్టండి. టైమ్ అయిపోగానే పేపరు తీసేసుకుని మూడే ప్రశ్నలు అడగండి: రాసినాయన ఏమంటున్నాడు? ఎందుకంటున్నాడు? ఎవరి వాదనను కాదంటున్నాడు? జవాబులు తెలుగులో చెప్పినా పర్వాలేదు. వారం రోజులు, రోజుకో వ్యాసంతో ఇలా చేయండి. ఏడింటిలో నాలుగైదుసార్లు మూడింటికీ సరైన జవాబు వస్తే క్లాట్ మీద ఆశ పెట్టుకోవచ్చు. రెండుసార్లకు మించి రాకపోతే ఆర్నెల్లలో క్లాట్‌కు తయారవడం కష్టం. లాసెట్‌ను గట్టిగా పట్టుకోవడమే తెలివైన పని. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ఇంగ్లిష్ రాదనుకోకండి. చాలామందికి చదివింది అర్థమవుతుంది, వేగమే ఉండదు. వేగం సాధనతో వస్తుంది, దానికి నెలలు పడుతుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, రెండింటి పేరూ లా ఎంట్రన్సే అయినా అవి అడిగే విద్య వేరు. క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు. వినడానికి నిమిషానికో ప్రశ్న, తేలిగ్గానే ఉంటుంది. కానీ దాదాపు ప్రశ్నలన్నీ పాసేజీల కిందే వస్తాయి, ఒక్కో పాసేజీ 450 పదాల దాకా ఉంటుంది. లెక్కల భాగం పక్కన పెట్టినా పేపరు మొత్తం మీద తొమ్మిది పదివేల పదాలు చదవాల్సి వస్తుంది. నిమిషానికి 200 పదాలు చదివే పిల్లకు ముప్పావు గంట పైగా చదవడానికే పోతుంది. పేపరంతా ఇంగ్లిష్‌లోనే, కాగితం మీద రాసే పరీక్షే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. లీగల్ రీజనింగ్‌లో ముందుగా చట్టం తెలిసి ఉండనక్కర్లేదు, సూత్రం పాసేజీలోనే ఉంటుంది.

లాసెట్ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడా 120 ప్రశ్నలే, టైమ్ 90 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. పాసేజీల గోల లేదు. తెలిస్తే పది సెకన్లలో అయిపోయే ప్రశ్నలు, తెలియకపోతే పది నిమిషాలు కూర్చున్నా తేలని ప్రశ్నలు. పార్ట్ ఏలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, పార్ట్ బీలో కరెంట్ అఫైర్స్ 30, పార్ట్ సీలో లా చదవడానికి తగిన ఆప్టిట్యూడ్ 60. నెగెటివ్ మార్కుల్లేవు. క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. కంప్యూటర్ మీద ప్రశ్న ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. అందుకే క్లాట్ గైడు బట్టీపట్టి లాసెట్‌కు వెళ్తే సగం పేపరు కొత్తగా ఉంటుంది. లాసెట్ బిట్ బ్యాంక్ చదివి క్లాట్‌కు వెళ్తే మూడో పాసేజీ దగ్గరే టైమ్ అయిపోతుంది. ‘రెండింటికీ కలిపి ఒకే కోర్సు’ అన్న మాట దగ్గర నాకు అనుమానం వచ్చేది ఇక్కడే.

పార్ట్ సీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మార్కుల్లో సగం అక్కడే ఉన్నాయి, పిల్లలు తప్పుగా చదివేదీ దాన్నే. ‘చట్టంలో మౌలిక సూత్రాలు, భారత రాజ్యాంగం’ అని సిలబస్‌లో ఒక్క ముక్క రాసి ఉంటుంది. అది చూసి ఎల్ఎల్‌బీ పుస్తకాలు కొనేస్తారు. అక్కర్లేదు. పరీక్ష స్థాయి ఇంటర్ స్థాయే. సీఈసీ వాళ్ళకు సివిక్స్ పుస్తకంలో రాజ్యాంగం చాలావరకు చదివినదే, ఈ పరీక్షలో మీ అమ్మాయికి కలిసొచ్చేది అదే. ప్రాథమిక హక్కులు (12 నుంచి 35 వరకు అధికరణలు), ఆదేశిక సూత్రాలు (36 నుంచి 51), ప్రాథమిక విధులు (51ఏ), రాష్ట్రపతి, పార్లమెంటు, సుప్రీంకోర్టు, హైకోర్టు, ముఖ్యమైన సవరణలు. ముందు వీటిని కంఠతా పట్టాలి.

అయితే విడివిడి బిట్లుగా చదివితే పరీక్ష హాల్లో ఒకటి గుర్తొచ్చి ఇంకోటి జారిపోతుంది. గొలుసుగా చదివించండి. ఉదాహరణకు 1967లో గోలక్‌నాథ్ కేసు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని పదకొండు మంది జడ్జీల ధర్మాసనం 6–5 తేడాతో చెప్పింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు గారు. దానికి జవాబుగా పార్లమెంటు 1971లో 24వ సవరణ తెచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు 7–6తో, సవరించే అధికారం ఉంది గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోరాదన్నారు. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి బయటికొచ్చి 300ఏ అధికరణలో కూర్చుంది. ఈ ఒక్క గొలుసులో ఎనిమిది తొమ్మిది ప్రశ్నలున్నాయి. ఇలాంటిదే ఇంకోటి: ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గొడవలో వచ్చి, విద్య ప్రాథమిక హక్కేనని చెప్పిన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసు (1993), ఆ తర్వాత 2002లో 86వ సవరణ, దాంతో వచ్చిన 21ఏ అధికరణ, అదే సవరణతో చేరిన పదకొండో ప్రాథమిక విధి. ఇలాంటి గొలుసులు ఓ పాతిక రాసుకుంటే రాజ్యాంగం చేతికొచ్చినట్టే.

రాజ్యాంగం తర్వాత కాంట్రాక్టులు, అపకృత్యాలు (టార్ట్స్, అంటే ఒకరి తప్పు వల్ల మరొకరికి నష్టం జరిగితే పరిహారం అడిగే కేసులు), నేర చట్టం, లాటిన్ సూక్తులు. కాంట్రాక్టుల్లో ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో తేలిన మొహొరి బీబీ కేసు. ఇంతవరకు వస్తే చాలు. తెలుగులో చదివేవాళ్ళు ఎక్కువగా పడే గొయ్యి ఒకటుంది. ‘చెల్లని ఒప్పందం’, ‘చెల్లకుండా చేయదగిన ఒప్పందం’ రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది వాయిడ్, రెండోది వాయిడబుల్. బలవంతంగానో మోసంతోనో సంతకం పెట్టించుకుంటే అది రెండో రకం. మోసపోయినవాడు కావాలంటే రద్దు చేసుకోవచ్చు, వద్దంటే కొనసాగించొచ్చు. అందుకే అమ్మాయి చేత రెండు కాలమ్‌ల నోటుబుక్ పెట్టించండి, ఎడమ వైపు ఇంగ్లిష్ మాట, కుడి వైపు తెలుగు మాట. హేబియస్ కార్పస్ ఎదురుగా బందీ ప్రత్యక్ష, సెర్షియోరరీ ఎదురుగా ఉత్ప్రేషణ, ప్లెయింటిఫ్ ఎదురుగా వాది. రెండొందల మాటలు చాలు. తెర మీద తెలుగు అనువాదం మరీ గ్రాంథికంగా ఉన్నప్పుడు పక్కనున్న ఇంగ్లిష్ చూసి తేల్చుకోవడానికి ఈ నోటుబుక్కే దిక్కు.

నేర చట్టం దగ్గర గట్టిగా హెచ్చరిస్తున్నాను. మార్కెట్లో, పాత పుస్తకాల షాపుల్లో ఇంకా ఐపీసీ (శిక్షా స్మృతి), సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి), పాత సాక్ష్య చట్టం సెక్షన్లతో ఉన్న గైడ్లు దొరుకుతున్నాయి. 2024 జులై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. మోసానికి అందరి నోటా నానిన 420 ఇప్పుడు 318. ‘144 సెక్షన్ పెట్టారు’ అంటాం చూడండి, సీఆర్‌పీసీలోని ఆ సెక్షన్ నాగరిక్ సురక్షా సంహితలో 163. కొత్త చట్టంలోనూ 144 ఉంది, అయితే అది భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన మనోవర్తికి సంబంధించినది! ఇలాంటి చోట పేపరు తయారుచేసేవాళ్ళు ఊరుకోరు. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసుకుని ముప్పై నలభై ముఖ్యమైన సెక్షన్లు నేర్చుకుంటే చాలు. పుస్తకం కొనేటప్పుడు ఏ ఏడాది ముద్రణో చూసి కొనండి.

సూత్రం ఇచ్చి, సంఘటన ఇచ్చి అడిగే ప్రశ్నల్లో తెలివైన పిల్లలే ఎక్కువ తప్పులు చేస్తారు. మీ ప్రాంతం ఉదాహరణే తీసుకుందాం. సూత్రం: తెలిసి, ఇష్టపడి ఒప్పుకున్న ప్రమాదానికి పరిహారం అడగరాదు. సంఘటన: తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీ. టిక్కెట్టు కొని గ్యాలరీలో కూర్చున్న మనిషి, పుచ్చిపోయిన కర్రలతో కట్టిన గ్యాలరీ కూలి కాలు విరగ్గొట్టుకున్నాడు. పరిహారం వస్తుందా? ‘పోటీకి తెలిసే వెళ్ళాడు కదా, రాదు’ అని చాలామంది గుర్తిస్తారు. వస్తుంది. అతను ఒప్పుకున్నది పోటీ వల్ల వచ్చే ప్రమాదానికి, నిర్వాహకుల నిర్లక్ష్యానికి కాదు. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. పాపం కాలు విరిగిందని జాలిపడి, సూత్రం ఒప్పుకోని చోట కూడా పరిహారం ఇప్పించేస్తారు. సూత్రంలోని ఒక్కో మాటా (‘తెలిసి’, ‘ఇష్టపడి’, ‘ఒప్పుకున్న’) సంఘటనకు అతుకుతుందా లేదా అని వేలు పెట్టి చూడటం అలవాటు చేయించండి. ఈ ఒక్క అలవాటు మాత్రం క్లాట్‌కూ లాసెట్‌కూ రెండింటికీ పనికొస్తుంది.

కరెంట్ అఫైర్స్‌కు పరీక్షకు ముందు పది, పన్నెండు నెలలు చూసుకుంటే చాలు. ఈనాడో సాక్షో ఏదో ఒక తెలుగు పేపరు రోజూ అరగంట. రాసుకోవడం రోజుకు ఆరు లైన్లకు మించొద్దు. పేజీలకు పేజీలు ఎక్కించినవాళ్ళు ఒక్కసారి కూడా తిరగేయరు. కోర్టు తీర్పు వస్తే నాలుగు ముక్కలు రాయాలి: కేసు పేరు, ఎంతమంది జడ్జీలు, ఏ అధికరణ లేదా చట్టం, ఏం తేల్చారు. నెలాఖరున ఆ నెలది మొత్తం ఒకసారి తిరగేయాలి. జీకేకు హైస్కూల్ సాంఘిక శాస్త్రం పుస్తకాలు, మెంటల్ ఎబిలిటీకి సిరీస్‌లు, కోడింగ్, రక్త సంబంధాలు, దిక్కులు, రోజూ ఇరవై లెక్కలు.

క్యాలెండర్ మీకు అనుకూలంగానే ఉంది. క్లాట్ డిసెంబర్ మొదట్లో, లాసెట్ మామూలుగా మే–జూన్‌లో. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే క్లాట్ రాయొచ్చు. ఇంటి పరీక్షలో అమ్మాయి నెగ్గితే జూన్ నుంచి నవంబర్ దాకా రోజుకు గంటన్నర ఇంగ్లిష్ పాసేజీలు, క్లాట్ నిర్వహించే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాత పేపర్లు. మీకు విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో స్థానిక కోటా ఉంది, దాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, ముందే చూసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా బోర్డు పరీక్షలు తప్ప ఇంకేమీ వద్దు. అయిదేళ్ళ కోర్సుకు ఇంటర్‌లో జనరల్ వాళ్ళకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. లాసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినా అది తగ్గితే సీటు లేదు.

బోర్డు పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచి లాసెట్. అప్పటికి పార్ట్ సీ ఒకసారి చదివి ఉండాలి. ఈ వారాలు కొత్తవి చదవడానికి కాదు, పేపర్లు చేయడానికి. తెలంగాణ లాసెట్‌దీ ఇదే నమూనా కాబట్టి రెండు రాష్ట్రాల పాత పేపర్లూ పనికొస్తాయి. వారానికి మూడు పేపర్లు, కంప్యూటర్ ముందు కూర్చుని, సరిగ్గా 90 నిమిషాల్లో. ఆర్డరు నా సలహా ఇది: కరెంట్ అఫైర్స్ 12 నిమిషాలు, పార్ట్ సీ 45, జీకే, మెంటల్ ఎబిలిటీ 28, మిగిలిన ఐదు నిమిషాల్లో ఖాళీగా వదిలినవన్నీ నింపడం. నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. ఇది తెలిసీ పదిహేనేసి ప్రశ్నలు ఖాళీగా వదిలేసేవాళ్ళుంటారు. కారణం మెంటల్ ఎబిలిటీని ముందు మొదలుపెట్టడం, ఒక పజిల్ దగ్గర పంతం పట్టడం. అయితే ఇదే అలవాటుతో క్లాట్‌కు వెళ్తే పావు మార్కు చొప్పున కోసుకుపోతుంది. రెండూ రాసే పిల్లకు ఈ తేడా పదేపదే గుర్తుచేయాలి.

జడ్జి సంగతి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ళు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలి. చదువు ముగించి నేరుగా జడ్జి పరీక్షకు వెళ్ళే దారి మూసుకుపోయింది. అయిదేళ్ళ కోర్సు, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంటు, ఆలిండియా బార్ ఎగ్జామినేషన్, మూడేళ్ళ ప్రాక్టీసు. ఇంటర్ అయ్యాక ఎనిమిదేళ్ళకు తక్కువ కాదు. ఆ మూడేళ్ళూ జూనియర్లకు చేతికొచ్చే డబ్బు చాలా తక్కువ, ఇంటి నుంచే ఆసరా ఉండాలి. ఈ లెక్క ఇప్పుడే అమ్మాయితో కూర్చుని మాట్లాడండి.

ఇక కోచింగ్. లాసెట్‌కు మాత్రమే అయితే క్రమంగా చదివే పిల్లకు అవసరం లేదు. క్లాట్‌కు అయితే పూర్తి కోర్సు కన్నా మాక్ టెస్టుల సిరీస్ ఒకటి కొనండి, ఖర్చు తక్కువ. ఇప్పుడు వెంటపడుతున్న వాళ్ళను రెండే ప్రశ్నలు అడగండి: మీ లాసెట్ మెటీరియల్‌లో కొత్త సెక్షన్ నంబర్లు ఉన్నాయా? క్లాట్ బ్యాచ్‌కు వారానికి ఎన్ని పూర్తి పేపర్లు రాయిస్తారు, రాసినదాన్ని ఎవరు కూర్చుని దిద్దుతారు? మెటీరియల్ తెరిచి చూపించకపోతే డబ్బు కట్టకండి. స్టడీ సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు మార్చిలోపే తెచ్చి పెట్టుకోండి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక సచివాలయం చుట్టూ తిరిగితే వెబ్ ఆప్షన్ల గడువు అక్కడే అయిపోతుంది.