ఫుట్‌బాల్ మేనేజర్‌లో టీమ్ టాక్: మాట్లాడే ముందు ఏం చూడాలి

ఫుట్‌బాల్ మేనేజర్ అంటే మనమే ఒక జట్టుకి మేనేజర్‌గా ఉండి నడిపే కంప్యూటర్ గేమ్, టీమ్ టాక్ అంటే అందులో మ్యాచ్ ముందు, హాఫ్ టైమ్‌లో, మ్యాచ్ అయ్యాక ప్లేయర్లకి మనం చెప్పే మాట. మీ ప్రశ్న నేను స్వయంగా పడ్డ బాధే. ప్రతి మ్యాచ్‌కీ ముందు "ఈరోజు గెలిచి తీరాలి" అని చెబుతున్నా సగంమంది నెర్వస్‌గా ఉంటున్నారనీ, హాఫ్ టైమ్‌లో కోప్పడితే ఇంకా డీలా పడిపోతున్నారనీ, ఈ టీమ్ టాక్‌ల పనంతా అసిస్టెంట్‌కి అప్పగించేయాలా అనీ అడిగారు. ఇప్పుడే అప్పగించకండి. నేనూ రెండు సీజన్లు అచ్చం మీలాగే ఆడాను. ఏం చెప్పాలో ముందే అనుకుని డ్రెస్సింగ్ రూమ్ స్క్రీన్ తెరిచేవాణ్ణి. వాళ్లు ఏ స్థితిలో ఉన్నారో చూసేవాణ్ణి కాదు.

ఒక మ్యాచ్ చెబుతాను. కింది డివిజన్ జట్టు, మూడో సీజన్. హాఫ్ టైమ్‌కి 2-0తో ముందున్నాం. సంతోషం పట్టలేక అందరికీ కలిపి "అద్భుతంగా ఆడారు" అని మెచ్చుకున్నాను. స్క్రీన్ మీద రియాక్షన్లు దాదాపు అన్నీ ఆకుపచ్చగా కనిపించాయి. అరవయ్యో నిమిషానికల్లా సెంటర్ బ్యాక్‌లు (డిఫెన్స్ మధ్యలో ఆడేవాళ్లు) ఇద్దరి బాడీ లాంగ్వేజ్‌లోనూ నిర్లక్ష్యం కనబడింది. 3-2తో ఓడిపోయాం. ఆ రాత్రి మొదటి సగం లెక్కలు తీసి చూస్తే మేం కొట్టిన షాట్లు నాలుగు, వాళ్లవి పదకొండు. మా గోల్స్‌లో ఒకటి పెనాల్టీ, రెండోది డిఫెండర్ కాలికి తగిలి దారి మళ్లిన బంతి. గాలివాటంగా వచ్చిన ఆధిక్యాన్ని చూసి, బాగా ఆడారని నేనే వాళ్లను నమ్మించాను. అప్పట్నుంచి హాఫ్ టైమ్‌లో స్కోర్ కంటే ముందు షాట్లు, ఎక్స్‌జీ (దొరికిన అవకాశాలను బట్టి ఎన్ని గోల్స్ రావాలో చెప్పే అంచనా), ప్లేయర్ల రేటింగులు చూస్తాను. ముందున్నా ఆట బాగాలేకపోతే "ఏమరుపాటు వద్దు" అంటాను. వెనకబడ్డా ఆట బాగుంటే "ఇలాగే ఆడండి, గోల్ వస్తుంది" అని నమ్మకం ఇస్తాను. ఈ రెండో సందర్భంలో కోప్పడటమే అందరం చేసే పెద్ద తప్పు. బాగా ఆడుతున్నామని ప్లేయర్‌కి తెలుసు. అలాంటప్పుడు తిడితే ఆ మాట అన్యాయంగా అనిపిస్తుంది, మొరేల్ (ఉత్సాహం, ఆత్మస్థైర్యం) పడిపోతుంది.

ఇక మ్యాచ్ ముందు మాట. "గెలిచి తీరాలి" అన్నది ఫేవరెట్‌గా దిగుతున్న జట్టుకి, అదీ మంచి ఫామ్‌లో ఉన్నప్పుడు చెప్పాల్సిన మాట. మీరు బలహీనమైన జట్టు, ఎదురుగా పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాళ్లు. అప్పుడు అదే మాట అంటే అసలే టెన్షన్‌లో ఉన్నవాడి మీద ఇంకో బరువు పెట్టినట్టే. "ఒత్తిడేమీ లేదు, స్వేచ్ఛగా ఆడండి" అంటే చాలు. కాబట్టి ప్రతిసారీ ముందు మ్యాచ్ ఆడ్స్ (ఎవరు గెలుస్తారన్న పందేల అంచనా) చూడండి. మీడియా ఏమనుకుంటోందో, గత ఐదు మ్యాచ్‌ల ఫలితాలు ఎలా ఉన్నాయో చూడండి. అవన్నీ చూసి, తన నుంచి ఏం ఆశిస్తున్నారని ప్లేయర్ అనుకుంటాడో, మీ మాట దానికి దగ్గరగా ఉండాలి.

అందరికీ ఒకే మాట సరిపోదు. నా జట్టులో పద్ధెనిమిదేళ్ల స్ట్రైకర్ ఒకడు ఉండేవాడు. ఐదు మ్యాచ్‌లు గోల్ లేదు. ఆరో మ్యాచ్‌కి మేం ఫేవరెట్లం కాబట్టి జట్టు మొత్తానికి గెలుపు ఆశిస్తున్నానని చెప్పాను. తర్వాత అతని పేరు మీద నొక్కి, విడిగా, ప్రశాంతమైన తీరులో, నీ మీద ఒత్తిడి లేదని చెప్పాను. నెర్వస్ పోయింది. 71వ నిమిషంలో చాలా మామూలు గోల్ కొట్టాడు, ఆరు గజాల నుంచి. ఆ గోల్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మీరు కూడా గోల్‌కీపర్, కుర్రాళ్లు, గాయం నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఈ ముగ్గురి సంగతి విడిగా చూసుకోండి. ఒత్తిడిని తట్టుకునే శక్తి, పెద్ద మ్యాచ్‌ల్లో రాణించే గుణం మామూలుగా దాచి ఉంచిన అంకెలు. అయినా పర్సనాలిటీ అన్నచోట ఉండే ఒక్క మాటా, కోచ్ రిపోర్టులో "పెద్ద మ్యాచ్‌లంటే ఇష్టం" లాంటి వాక్యమూ చాలావరకు చెప్పేస్తాయి. డిటర్మినేషన్ (పట్టుదల) 20కి 16, 17 ఉన్నవాడు గట్టి మాటని సవాల్‌గా తీసుకుంటాడు. 6, 7 ఉన్నవాడికి అదే మాట పుండు మీద కారం.

కోపం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గేమ్ 2021 ఎడిషన్‌లో, మాటని ప్రశాంతంగానో కోపంగానో చెప్పడానికి ఎంచుకునే గొంతు తీరుల స్థానంలో చేతి సైగలు వచ్చాయి. అందులో నీళ్ల బాటిల్ విసిరే సైగ కూడా ఉంది. దాన్ని సీజన్‌కి రెండు మూడు సార్లకు మించి వాడకండి. నిజమైన ఫుట్‌బాల్‌లో 2008 డిసెంబర్ 26న మాంచెస్టర్ సిటీ మైదానంలో హల్ సిటీ హాఫ్ టైమ్‌కి 4-0తో వెనకబడింది. మేనేజర్ ఫిల్ బ్రౌన్ ప్లేయర్లను లోపలికి తీసుకెళ్లకుండా, తమ అభిమానుల ముందే గడ్డి మీద కూర్చోబెట్టి, వేలు చూపిస్తూ క్లాసు పీకాడు. మ్యాచ్ 5-1తో ముగిసింది, అంటే రెండో సగం 1-1. ఆ నలభై అయిదు నిమిషాలే చూస్తే మందలింపు పనిచేసిందనిపిస్తుంది. కానీ అప్పటిదాకా పట్టికలో పైభాగంలో ఉన్న జట్టు, ఆ తర్వాత లీగ్‌లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి, ఆఖరి రోజున రెలిగేషన్ (కింది డివిజన్‌కి పడిపోవడం) తప్పించుకుంది. అంతా ఆ హాఫ్ టైమ్ వల్లే అనను. గేమ్‌లో మాత్రం నేను సరిగ్గా ఇదే చూశాను: అరిస్తే ఆ రోజు ఒక పాయింట్ దక్కొచ్చు, దాని ఖర్చు వచ్చే నాలుగు మ్యాచ్‌ల మొరేల్‌లో కనిపిస్తుంది. ఫేవరెట్లుగా దిగి, షాట్లు కూడా కొట్టకుండా తిరుగుతున్నప్పుడు, గట్టి మనస్తత్వం ఉన్న జట్టు మీద అయితేనే కోపం పనికొస్తుంది.

మీ ఎడిషన్‌లో ఉంటే, మ్యాచ్ జరుగుతుండగా టచ్‌లైన్ (మైదానం అంచు) నుంచి ఇచ్చే కేకలూ అంతే. మన మీద గోల్ పడగానే ప్రోత్సహించే కేక ఒకటి వేసి, పది పదిహేను నిమిషాలు ఊరుకుని బాడీ లాంగ్వేజ్ ఎటు మారిందో చూడండి. మ్యాచ్ అయ్యాక చెప్పే మాటని దయచేసి దాటవేయకండి. వచ్చే మ్యాచ్‌కి వాళ్లు ఏ మొరేల్‌తో దిగుతారో అక్కడే కొంత తేలుతుంది. పెద్ద జట్టుతో డ్రా చేసుకున్నప్పుడు ఒక మంచి మాట అనడానికి పది సెకన్లు కూడా పట్టదు.

అసిస్టెంట్ విషయానికొస్తే, అతని మోటివేటింగ్ (ప్లేయర్లను ఉత్సాహపరిచే సామర్థ్యం, 20కి) 15 దాటి ఉంటే చిన్న కప్ మ్యాచ్‌లు అప్పగించొచ్చు. లీగ్ మ్యాచ్‌లకి అతని సలహా చదవండి, మాట మాత్రం మీరే చెప్పండి. వచ్చే మ్యాచ్‌లో హాఫ్ టైమ్‌కి ముందు ఒకసారి గేమ్ ఆపి, నెర్వస్‌గా ఉన్నవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఆ పేర్ల పక్కన ఉన్న పర్సనాలిటీలు ఇక్కడ పెడితే, ఎవరికి ఏం చెప్పొచ్చో ఒక్కొక్కరి గురించీ చెబుతాను.