నేటాలు గనులకు వెళ్లిన తాతమ్మకు పిండం ఏ రోజు?

ప్రశ్న: మా తాతమ్మ భర్తతో దక్షిణాఫ్రికాలోని నేటాలు బొగ్గు గనులకు వెళ్లి, ఆయన అక్కడే పోయాక పిల్లవాడితో తిరిగొచ్చిందట. మళ్లీ బొట్టు పెట్టుకుందని ఒకరు, విధవగానే పోయిందని మరొకరు అంటారు. వివరాలు ఎలా వెతకాలి? కోటిపల్లిలో పిండం ఎప్పుడు పెట్టాలి?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు ఓడ జాబితా చూడండి. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాలు వెళ్లిన లక్షా యాభై రెండు వేల పైచిలుకు మందికి, చంకబిడ్డలతో సహా, తలా ఒక నంబరు ఇచ్చారు. దాని ఎదురుగా తండ్రి పేరు, వయసు, కులం, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు ఉంటాయి. తెలుగు పేర్లను ఇంగ్లీషులో ఇష్టమొచ్చినట్టు రాశారు కాబట్టి పేరు కన్నా ఊరు పట్టుకుని వెతకడం మేలు. పుట్టిల్లు నరసాపురం, భీమవరం వైపైతే, 1904 తర్వాతి ఓడల్లో కృష్ణా జిల్లా కింద చూడండి. ఆ తాలూకాలు అప్పుడు అటు కలిశాయి. మొగుడూ పెళ్లాలకు సాధారణంగా పక్కపక్క నంబర్లే పడతాయి. దూరంగా ఉంటే ఆమె ఒంటరిగా ఓడెక్కిందని, పెళ్లి అక్కడే అయిందని అనుకోవచ్చు.

ఇక బొట్టు సంగతి. 1895 చట్టం తర్వాత వెళ్లినవాళ్లు, అయిదేళ్ల ఒప్పందం ముగిశాక అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. ఆ పన్ను ఆడవాళ్ల మీదా ఉండేది. ఒప్పందం ప్రకారం మగకూలికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆడకూలికి అందులో సగం. పౌండుకు 20 షిల్లింగులు, అంటే పన్ను ఆమె ఏడాది జీతమంత! మొగుడు పోయినదానికి మిగిలేవి మళ్లీ ఒప్పందం, మారుమనువు, తిరుగు ఓడ. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది దాన్ని నిషేధించిన కులాల కోసం. కూలికి పోయే చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉన్నదే. కాబట్టి మీ ఇంట్లో రెండు మాటలూ నిజమే కావచ్చు: మారుమనువుతో బొట్టు తిరిగొచ్చి ఉంటుంది, రెండో ఆయనా ముందే పోయి ఉంటాడు. నేటాలులో 1891 చట్టం కింద పెళ్లిళ్లు నమోదు చేసేవారు, ఆ పుస్తకాలూ వెతికించండి.

భర్త ఉండగా పోయినవారికి మహాలయ పక్షంలో అవిధవా నవమి. విధవగా పోయి, తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య. పోయిన నెల తెలిస్తే ఆ నెల అమావాస్యకు తద్దినం పెట్టొచ్చు. గోత్రం తెలియకపోతే కాశ్యపమని చెబుతారు.