'అందించండి'కీ 'ఆలోచించండి'కీ మధ్య

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్లు ఆక్యుపంక్చర్‌ని ఎలా చూస్తారన్నది మంచి విషయం. కానీ మొదటి పేరాలోనే వాళ్లని నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు అని రెండు జట్లు చేసేశావు. అక్కడే బండి పట్టాలు తప్పింది.

రెండో పేజీలో నీతో మాట్లాడిన డాక్టరమ్మ ఉంది చూడు. "సూదులు ఎలా పనిచేస్తాయో నాకు తెలీదు. ఈయనకి మాత్రలు పడవు, ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి తగ్గదు. ఇంకేం చేయమంటారు?" అంది. ఆవిడ ఏ జట్టు? ఆ మాటని ఒక్క లైనులో తేల్చేసి ముందుకెళ్లిపోయావు. నేనైతే అక్కడే చతికిలబడేవాణ్ణి. పది నిమిషాల అపాయింట్‌మెంటు, నడుం పట్టుకుని కుర్చీలోంచి లేవడానికే అందులో ఒక నిమిషం పోయే మనిషి, ఎదురుగా 'వద్దు' అంటున్న మార్గదర్శకం. నీ వ్యాసమంతా ఆ గదిలోనే ఉంది.

ఇక మార్గదర్శకాలు. ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో బ్రిటన్ డాక్టర్లకి సలహాలిచ్చే 'నైస్' సంస్థ ఆక్యుపంక్చర్‌ని 'ఒప్పుకుంది, తర్వాత కాదంది' అని రాశావు. క్రియాపదం చూడు తల్లీ. వాళ్ల భాషలో 'అందించండి' అంటే ఆధారం గట్టిగా ఉందని. 'ఆలోచించండి' అంటే అంత గట్టిగా లేదని. 2009లో నడుంనొప్పికి 12 వారాల్లో 10 సార్లకు మించకుండా సూదుల చికిత్స ఇచ్చే విషయం ఆలోచించమన్నారు. 2016లో అదే నొప్పికి 'అందించవద్దు' అన్నారు. 2021కి వచ్చేసరికి, స్పష్టమైన కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి మళ్లీ 'ఆలోచించండి'. నొప్పి పేరు మారితే సలహా మారుతుంది. రోగి మాత్రం ఏ పేరూ తగిలించుకుని రాడు. డాక్టర్ల విసుగు సగం ఇక్కడిదే అనుకుంటా.

నేనూ ఇందులో బోల్తా పడ్డవాణ్ణే. 2009లో 'సూదికి సర్కారు ముద్ర' అని హెడ్డింగ్ పెట్టి మురిసిపోయాను. 2016లో ఒక పాఠకుడు ఆ కటింగ్‌ని తిరిగి నాకే పంపాడు. ఉత్తరం లేదు, పక్కన పెన్నుతో పెద్ద ప్రశ్నార్థకం, అంతే.

జర్మనీ పరిశోధనని కూడా తొందరగా దాటేశావు. 2007లో వచ్చింది, నడుంనొప్పి ఉన్న 1162 మంది. ఆరు నెలలకి అసలు ఆక్యుపంక్చర్‌తో మెరుగైనవాళ్లు 47.6 శాతం. కావాలనే తప్పుచోట, పైపైన గుచ్చినవాళ్లలో 44.2. మామూలు వైద్యంతో 27.4. దీన్ని చూసి ఒక డాక్టరు "ఎక్కడ గుచ్చినా ఒకటే, ఇంక ఈ శాస్త్రం ఎందుకు?" అంటాడు. ఇంకో డాక్టరు "ఎలాగైతేనేం, నా వైద్యం కంటే నయమేగా!" అంటాడు. ఇద్దరూ చూస్తున్నది అవే అంకెలు. నీకు పనికొచ్చే గొడవ ఇది. జట్ల గొడవ కాదు.

ఇంకొకటి. మార్గదర్శకం చట్టం కాదు. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి నిర్ణయించే బాధ్యత డాక్టరుదేనని నైస్ పత్రాల్లోనే ఉంటుంది. కాబట్టి 'ఉల్లంఘించారు' అన్న మాట కొట్టేయి.

ఆ రోజు ఆ నడుంనొప్పి మనిషి వెళ్లాక డాక్టరమ్మ కంప్యూటర్‌లో ఏం టైప్ చేసిందో అడిగావా? 'ఆక్యుపంక్చర్‌కి పంపాను' అనా, 'అడిగారు కాబట్టి పంపాను' అనా? ఫోన్ చేసి కనుక్కో. మొదటి పేరా ఆ తర్వాత ముట్టుకుందువుగాని.

ఆశీస్సులతో,
మీ మాస్టారు